కృష్ణలో వల వేసే హక్కు, వల ఆపే బాధ్యత



వరద తగ్గి, శ్రీశైలం గేట్లు మూతపడి, వెనుక జలాలు మెల్లమెల్లగా దిగిపోయే కాలం వచ్చిందంటే మన నాగర్‌కర్నూల్ జిల్లా ఒడ్డున రెండు పనులు మొదలవుతాయి. నీళ్లు వదిలిపోయిన ఒండ్రులో రైతులు విత్తనం చల్లుకుంటారు. ఆ పక్కనే సోమశిల, అమరగిరి, మంచాలకట్ట, మల్లేశ్వరం, జటప్రోలు తీరాల్లో అలివి వలలు నీళ్లలోకి దిగుతాయి. మొదటి పని మీద ఎవరికీ పెద్ద పేచీ లేదు. రెండో పని మీద మాత్రం ఏటా పేచీయే. వలలు పట్టుకుని తగలబెట్టారని, ఒడ్డున వేసిన గుడిసెలు తీసేయించారని, స్థానిక మత్స్యకారులు ధర్నా చేశారని పేపర్లో చదువుతాం. నాలుగు రోజులు సద్దుమణుగుతుంది. మళ్లీ వలలు దిగుతాయి. మరుసటి ఏడాది అవే ఊళ్ల పేర్లతో అదే వార్త.

ఈ పూట ఆ పేచీ గురించే మాట్లాడదామనుకుంటున్నాను. ఏ చేపను ఎప్పుడు, ఏ వలతో పట్టాలి, ఎవరు పట్టాలి అన్న నియమాలు ఎందుకు పుట్టాయి, మన ఏటి ఒడ్డున అవి ఎందుకు నిలబడడం లేదు అన్నదే ఇవాళ్టి విషయం.

ముందు అలివి వల అంటే ఏమిటో చూడని వాళ్ల కోసం చెబుతాను. దాని పొడవు వందల మీటర్లు. ఒక చివర తాడు ఒడ్డున కొందరి చేతిలో ఉంటుంది. మిగతా వలను పడవలో వేసుకుని నీళ్లలోకి పోయి, అర్ధచంద్రాకారంగా చుట్టి వదులుకుంటూ వచ్చి, రెండో చివర తాడును దూరంగా ఇంకో గుంపుకు అందిస్తారు. ఇక రెండు గుంపులూ ఒడ్డు మీద నిలబడి లాగడం మొదలుపెడతాయి. గంటల తరబడి లాగాలి. మోకాలి లోతు బురదలో, నడుముకు తాడు కట్టుకుని, వెనక్కి వాలి, అడుగులో అడుగు వేస్తూ లాగాలి. వల అడుగుకు బరువులు, పైన తేలడానికి బెండ్లు ఉంటాయి కాబట్టి అది నేలను ఈడ్చుకుంటూ వస్తుంది. నడుమ ఒక పెద్ద సంచి లాంటి భాగం ఉంటుంది. దాని అల్లిక దోమతెరంత సన్నం. రెండు గుంపులూ దగ్గరకు వచ్చి, ఆ సంచి ఒడ్డు ఎక్కేసరికి అందులో ఏమేం ఉంటాయి? పరకలు, చందమామలు, జెల్లపిల్లలు, వేలెడంత బొచ్చెలు, రవ్వలు, రొయ్యపిల్లలు, అడుగున నాచుతో సహా చిక్కిన గుడ్లు. పెద్ద చేపలను ఏరి ఐసు పెట్టెల్లో వేస్తారు. మిగిలిన దాన్నంతా పట్టాల మీద పరిచి ఎండబెడతారు. ఎండినది బస్తాలకెక్కి లారీల్లో పరరాష్ట్రాలకు పోతుంది.

ఈ వలను కట్టు వలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మన బెస్త, ముదిరాజ్ కుటుంబాలు సాయంత్రం పుట్టిలో పోయి నీళ్లలో నిలువుగా కట్టి, తెల్లారి తీసే వలకు ఒక కొలత కన్ను ఉంటుంది. ఆ కన్నులోంచి చిన్న చేప దూరి వెళ్లిపోతుంది. మరీ పెద్దది తల దూరక పక్కకు మళ్లుతుంది. తల దూరి, ఒళ్లు దూరని చేపకు మాత్రమే దారం మొప్పల దగ్గర బిగుస్తుంది. అంటే కన్ను కొలతను బట్టి ఏ సైజు చేప పడాలో ముందే నిర్ణయించుకోవచ్చు. చేపల వేటలో వచ్చిన నియమాలన్నిటిలోకీ ఈ కన్ను నియమమే నా దృష్టిలో అత్యంత తెలివైనది. చేపను పట్టాక వదిలిపెట్టమని ఎవరినీ బతిమాలే పని లేదు. ఆ పని వలే చేస్తుంది.

కన్ను కొలవడం కూడా పెద్ద విద్య కాదు. తడి వలను తీసుకుని, ఒక కన్నును రెండు మూలల ముడుల దగ్గర పట్టుకుని బిగువుగా సాగదీసి, ఒక ముడి నుంచి ఎదుటి ముడికి స్కేలు పెడితే చాలు. చదువుకున్న అధికారే కొలవాలన్న నియమం లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు కొలవగలడు. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ ఈ విషయానికి వస్తాను.

ఇప్పుడు చేప వైపు నుంచి చూద్దాం. బొచ్చె గానీ రవ్వ గానీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. అప్పుడు ఒక ఆడ చేప తన బరువులో ప్రతి కిలోకూ లక్ష పైచిలుకు గుడ్లు పెట్టగలదు. అయితే నిలవ నీళ్లలో పెట్టదు. వానాకాలంలో కొత్తనీరు దూకి వచ్చినప్పుడు, ఆ నీటికి ఎదురెక్కిపోయి, ప్రవాహంలో పెడుతుంది. ఆ గుడ్లు పొదిగి, పిల్లలు వరద వెంట కిందికి వచ్చి చేరేది ఎక్కడికి? లోతు తక్కువగా ఉండి, గడ్డీ నాచూ ఉండి, నీళ్లు వెచ్చగా ఉండే ఒడ్డు అంచుకు. తిండి అక్కడే, పెద్ద చేపల నోట పడకుండా దాక్కునే చోటూ అక్కడే. అలివి వల ఈడ్చేది సరిగ్గా ఆ అంచునే.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016-17 నుంచి చెరువులకూ జలాశయాలకూ ఉచితంగా చేప పిల్లలను ఇస్తోంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడుగునా నీళ్లుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదలాలన్నది పథకం. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ, కొన్ని చోట్ల రొయ్య. సోమశిల దగ్గర కూడా పెద్దలొచ్చి, కొబ్బరికాయ కొట్టి, వదిలి వెళుతుంటారు. అరచేతి వెడల్పు ఉన్న ఆ పిల్ల, కిలో చేప కావడానికి ఏడాది కావాలి. ఆ ఏడాది దానికి దొరకాలంటే దోమతెర కన్ను వల ఆ నీళ్లలో ఉండకూడదు. ఒక లెక్క వేసి చూడండి. పది గ్రాముల పిల్లలు కిలోకు వంద తూగుతాయి. ఆ వందలో సగం చచ్చినా, మిగిలిన యాభై కిలో చొప్పున పెరిగితే యాభై కిలోల చేప. ఇవాళ ఒక కిలో పిల్లను ఎండబెట్టిన వాడు వచ్చే ఏటి యాభై కిలోలను ఎండబెట్టినట్టే. పైగా ఆ పిల్ల జనం పన్నుతో కొన్నది.

అలివి వేసేవాళ్లు ఒక మాట అంటారు. మేం పట్టేది పరకలు, చందమామలు, అవి ఎప్పటికీ పెద్దవి కావు, వాటిని పడితే నష్టమేముంది అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. నదిలో వేలెడంత పొడవుకే ఈడొచ్చే చేపలు చాలా ఉన్నాయి. వాటిని పట్టి ఎండబెట్టి తినడం తప్పు కాదు, మన ఊళ్లలో ఎండు చేపల కూర లేని ఇల్లు అరుదు. కానీ ఆ వలకు పరకకూ బొచ్చెపిల్లకూ తేడా తెలియదు. ఇంకో సంగతి, వాలుగ, కొర్రమీను వంటి పెద్ద చేపలు బతికేది ఆ చిన్న చేపల మీదే. అడుగంతా ఊడ్చి పారేస్తే పెద్ద చేప ఆకలితో పోతుంది. కాబట్టి ఆ వాదం కొంత నిజమే అయినా, అలివి వలకు అనుమతి ఇచ్చేంత నిజం కాదు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో నదుల్లో, చెరువుల్లో చేపల వేట మీద వచ్చిన పాత చట్టం 1897 నాటిది, భారత మత్స్య చట్టం. మందుగుండు పేల్చి చేపలను చంపడం, నీళ్లలో విషం కలపడం అందులో నేరాలు. రెండు నెలల దాకా ఖైదు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా, ఆ రోజుల్లో రెండు వందలంటే చిన్న సొమ్ము కాదు. ఏ రకం వల వాడాలి, దాని కన్ను ఎంత ఉండాలి, నీటికి అడ్డుగా కట్టే దడుల సంగతేమిటి అన్నవాటి మీద రాష్ట్రాలు నియమాలు పెట్టుకోవచ్చని కూడా ఆ చట్టమే చెప్పింది. అవసరమైతే ఒక నీటి వనరులో రెండేళ్ల దాకా వేటను పూర్తిగా ఆపే అధికారం కూడా ఇచ్చింది. నూటపాతికేళ్ల కింద రాసినవాళ్లకు ఇంత ముందుచూపు ఉంది. అలివి వల మీద నిషేధం ఉంది. జలాశయాల్లో వేటకు లైసెన్సు తీసుకోవాలన్న పద్ధతి ఉంది. వానాకాలంలో జూలై, ఆగస్టు నెలల్లో వేట ఆపాలని మత్స్యశాఖ చెబుతుంది. అంటే మనకు నియమాలకేమీ కరువు లేదు. కాపలాకే కరువు.

ఎందుకు కాపలా కరువైందో అర్థం కావాలంటే ఈ నీళ్ల వెనుక కథ కొంత చెప్పుకోవాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1981 నాటికి ఊళ్లు ఖాళీ చేయించారు. ఇటు పాలమూరు, అటు కర్నూలు, రెండు జిల్లాల్లో కలిపి సుమారు వంద ఊళ్లు నీళ్లపాలయ్యాయి. సోమశిల గుళ్లను రాయి రాయిగా విప్పి ఎగువన మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. మనుషులను మాత్రం అంత జాగ్రత్తగా తరలించలేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంటూ 1986లో వచ్చిన జీవో 98 గురించి కొల్లాపూర్ ప్రాంతంలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నల్లరేగడి పొలం పోగొట్టుకున్న కుటుంబాల్లో ఎన్నో, ఆ పొలం మీద నిలిచిన నీళ్లలోనే వల వేసి బతకడం నేర్చుకున్నాయి. నీటిమట్టం 885 అడుగులకు చేరినప్పుడు ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునే ఈ జలాశయం అడుగున వాళ్ల ఇళ్ల పునాదులున్నాయి. ఈ నీళ్లలోని చేప మీద మొదటి హక్కు ఎవరిదని నన్ను అడిగితే నా జవాబు ఇదే. ఈ నీటి కోసం ఊరు వదిలినవాళ్లది, ఒడ్డున ఉన్న అడవి అంచున తరతరాలుగా ఉన్న చెంచులది.

మరి ఆ హక్కు ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు? కొందరు పోరాడుతున్నారు. సొసైటీలు కట్టుకుని, అర్జీలు పెట్టి, రాత్రిళ్లు పుట్టీల్లో తిరిగి వలలు పట్టిస్తున్నారు. ఇంకొందరు లోబడిపోయారు. అలివి వల వెనక ఉన్నది పెట్టుబడి. ఆ వల కొనడానికి, పడవలకు, మనుషులకు, లారీలకు లక్షల్లో కావాలి. ఆ డబ్బు పెట్టేవాడు ఏటి ఒడ్డున కనబడడు. అతను మత్స్యకారులకు ముందుగా అప్పు ఇస్తాడు. దాదన్ అంటారు దాన్ని. అప్పు తీసుకున్నవాడు పట్టిన చేపను అతనికే అమ్మాలి, అతను చెప్పిన ధరకే అమ్మాలి. అప్పు తీరదు. వల లాగడానికి దూర జిల్లాల నుంచి, కోస్తా నుంచి, అడవి గూడేల నుంచి కూలీలను తెస్తారు. పిల్లాపాపలతో వచ్చి ఇసుక మీద గుడారాల్లో ఉంటారు. కొల్లాపూర్ ప్రాంతపు వేట శిబిరాల నుంచి వెట్టి కూలీలను అధికారులు విడిపించిన సందర్భాలున్నాయి. వెట్టిచాకిరీని 1976లో చట్టం రద్దు చేసిన దేశం మనది.

అందుకే నాకొక విషయం బాధ కలిగిస్తుంది. దాడి జరిగినప్పుడు పట్టుబడేది నడుముకు తాడు కట్టుకున్న కూలీ. తగలబడేది వల. వల మీద పెట్టుబడి పెట్టినవాడు ఆ మంట వేడి తగలనంత దూరంలో ఉంటాడు. ఒక వల పోతే ఇంకో వల కొంటాడు, దాని ఖర్చు మళ్లీ కూలీ ఖాతాలోనే రాస్తాడు. చట్టం ఇలా అమలైతే వేట ఆగదు, పేదవాడి అప్పు పెరుగుతుంది, అంతే.

ఇలాంటి తగవే ప్రపంచంలో ఇంకోచోట జరిగింది. అక్కడ జనం గెలిచారు కాబట్టి ఆ కథ చెబుతాను. అమెరికాకు వాయవ్యంగా, మంచు ప్రాంతంలో అలాస్కా ఉంది. అక్కడి సముద్రంలో సాల్మన్ అనే చేప ఉంటుంది. అది పుట్టేది నదిలో, పెరిగేది సముద్రంలో. కొన్నేళ్లు పెరిగాక, తాను పుట్టిన నదినే వెతుక్కుంటూ ఎదురెక్కి వచ్చి, గుడ్లు పెట్టి చనిపోతుంది. మన గోదావరి పులస కూడా వరద నీటికి సముద్రం నుంచి పైకి ఎక్కే చేపే, అయితే పసిఫిక్ సాల్మన్ రకాలు ఒక్కసారే గుడ్లు పెట్టి ప్రాణం వదులుతాయి. వేసవిలో కొన్ని వారాల పాటు లక్షల చేపలు ఒకేసారి నది మొగలోకి వస్తాయి. ఆ మొగలో దడి కట్టి కూర్చుంటే ఇక పడవే అక్కరలేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అక్కడ జరిగిందదే. సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో ఉన్న డబ్బా చేపల కంపెనీలు తీరమంతా పెద్ద పెద్ద బోనులు కట్టాయి. లాభం బయటికి పోయింది, స్థానిక మత్స్యకారుడికి చేప మిగల్లేదు. కట్టడి చేయడానికి 1924లో ఒక చట్టం తెచ్చారు, వచ్చిన చేపల్లో సగాన్ని పైకి పోనివ్వాలని. కాగితం మీద బాగుంది. లెక్కపెట్టేవాడు, కాపలా కాసేవాడు సరిపడా లేక చేప తరిగిపోతూనే వచ్చింది. 1948లో అలాస్కా జనాన్ని బోనులు ఉండాలా వద్దా అని అడిగితే చాలా పెద్ద మెజారిటీతో వద్దన్నారు. అయినా కంపెనీల పలుకుబడి వాషింగ్టన్‌లో గట్టిది, బోనులు పోలేదు. 1953 నాటికి చేప ఎంతగా తగ్గిందంటే, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ మత్స్యకార ప్రాంతాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించాల్సి వచ్చింది. 1959లో అలాస్కా రాష్ట్రమైంది. తమ నీళ్ల మీద తమకు అధికారం రాగానే మొదట చేసిన పనుల్లో ఒకటి ఆ బోనులను ఎత్తేయడం.

ఆ తర్వాత వాళ్లు పెట్టుకున్న పద్ధతి వినండి. బ్రిస్టల్ బే అనే చోట ఎర్ర సాల్మన్ వేట జూన్ నడుమ మొదలై జూలై ఆఖరుకు ముగుస్తుంది. అక్కడ వల పడవ 32 అడుగులకు మించి ఉండకూడదు. వల పొడవుకూ హద్దుంది, 900 అడుగులు. నదుల ఒడ్డున మంచెలు కట్టి, గంటకు పది నిమిషాల చొప్పున, పైకి పోతున్న చేపలను మనుషులు కళ్లతో చూసి లెక్కపెడతారు. ముందు గుడ్ల కోసం పోవాల్సినన్ని చేపలు పైకి పోతున్నాయని తేలాలి. తేలాకే ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా వల వేసుకోవచ్చని ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన రేడియోలో వస్తుంది. డిల్లింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో ఉన్న రేడియో కేంద్రం వేట కాలమంతా చేపల వార్తలు చెబుతుంది. పడవలో కూర్చున్న మత్స్యకారులు చెవులప్పగించి వింటారు. రేడియోలో మాట్లాడుతున్న నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఎంతో ఆనందం కలిగింది. 2022లో ఆ ఒక్క తీరానికి దాదాపు 7 కోట్ల 90 లక్షల సాల్మన్‌లు తిరిగొచ్చాయి, అది రికార్డు. ఒకప్పుడు విపత్తు అనిపించుకున్న రాష్ట్రంలో!

అక్కడ అంతా మంచే జరిగిందని కూడా చెప్పను. పడవలు మరీ పెరిగిపోకుండా 1973లో పర్మిట్లకు పరిమితి పెట్టారు. ఆ పర్మిట్లను అమ్ముకోవచ్చన్నారు. దాంతో చేతిలో డబ్బు లేని ఏటి ఒడ్డు పల్లెల వాళ్లు అమ్ముకున్నారు, బయటి డబ్బున్న వాళ్లు కొన్నారు. ఎవరి కోసం కొట్లాడి బోనులు తీసేశారో, వాళ్ల చేతిలోంచే పర్మిట్ జారిపోయింది. మన దగ్గర లైసెన్సులు ఇచ్చేటప్పుడు ఈ పాఠం మరవకూడదు. లైసెన్సు వేట చేసే మనిషికే ఉండాలి, ఇంకొకరికి అమ్మడానికి, కౌలుకివ్వడానికి వీల్లేకుండా ఉండాలి. సొసైటీ పేరు మీద లైసెన్సు తీసుకుని వేట బయటివాడికి అప్పగిస్తే ఆ సొసైటీ తన సభ్యులకే ద్రోహం చేసినట్టు.

ఇక మన నీళ్లకు ఉన్న ప్రత్యేక చిక్కు ఒకటి, రెండు రాష్ట్రాలు. 2014 తర్వాత ఈ జలాశయం ఎడమ ఒడ్డు తెలంగాణ, కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. ఇటు సోమశిల, అటు సిద్ధేశ్వరం, సంగమేశ్వరం. చేపకు సరిహద్దు లేదు. ఇటు దాడి జరిగితే పడవ అటు పోతుంది, అటు గట్టిగా ఉంటే ఇటు వస్తుంది. నది నడుమన ఎవరి హద్దు ఎక్కడ అన్న తగువులో స్థానిక మత్స్యకారులు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే పరిస్థితి వచ్చింది. ఇది చాలా నష్టం. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు కట్టు వల వేసుకునే వాడి కష్టం, మన పెంట్లవెల్లి వాడి కష్టం ఒకటే. ఇద్దరి చేపనూ ఊడ్చేది అదే అలివి వల.

దీనికి దారి లేకపోలేదు. పక్కనే తుంగభద్ర ఉంది. 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు అక్కడి రాష్ట్రాల మధ్య నీటి పంపకంతో పాటు జలాశయంలోని చేపల సంగతి కూడా చూసింది, పిల్లల పెంపకం, వేట లైసెన్సులు, వలల తయారీ దాకా. శ్రీశైలానికి అలాంటి ఉమ్మడి ఏర్పాటు లేదు. కృష్ణా బోర్డు సమావేశమైతే టీఎంసీల మాట, కరెంటు మాటే. టీఎంసీల మీద ఏకాభిప్రాయం కష్టం, నిజమే. కానీ వల కన్ను ఎంత ఉండాలి, ఏ నెలల్లో వేట ఆపాలి అన్న వాటి మీద రెండు ప్రభుత్వాలకు పేచీ ఉండాల్సిన పనే లేదు. రెండు వైపులా ఒకే కొలత, ఒకే విరామం, ఒకే రోజు మొదలు. రెండు మత్స్యశాఖలు ఒక గదిలో కూర్చుంటే ఒక పూటలో అయ్యే పని ఇది.

విరామ కాలం గురించి చెప్పేటప్పుడు ఆకలి గురించి కూడా చెప్పాలి. చేప గుడ్లు పెట్టే నెలల్లో వేట ఆపమనడం సులువు. ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలగాలి? తూర్పు తీరంలో సముద్ర వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉంది. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలైంది, 2025లో 20,000కు పెరిగింది. ఏటి మత్స్యకారుడికి అంత ఆసరా లేదు. కేంద్రం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఒక పొదుపు పద్ధతి ఉంది, మత్స్యకారుడు 1,500 దాచుకుంటే ప్రభుత్వాలు 3,000 కలిపి, వేట లేని మూడు నెలలకు 4,500 ఇస్తాయి. నెలకు పదిహేను వందలు. ఈ ధరల్లో దానితో ఒక ఇల్లు గడవదని చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కరలేదు. భృతి ఇవ్వకుండా విరామం పాటించమంటే, కొత్తనీటికి ఎదురెక్కుతూ గుడ్లతో నిండిన చేపను ఒకడు పడతాడు, వాణ్ని చూసి పక్కవాడు పడతాడు. ఎగువన జూరాల ప్రాజెక్టు గేట్లెత్తినప్పుడు దిగువన జనం చేపల కోసం ఎగబడడం మనం చూస్తూనే ఉన్నాం. అక్కడ రోడ్డు పక్కన నూనెలో వేగే చేప రుచికి హైదరాబాద్ నుంచి కూడా కార్లు వచ్చి ఆగుతాయి. ఆ అంగళ్లు నడిపే ఆడవాళ్ల బతుకు బాగుండాలంటే ఆ రెండు నెలలు నదిలోని చేపను వదలాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వల కన్ను కొలవడం ఎవరైనా చేయగల పని అని ఇందాక చెప్పాను. ఆ కొలిచే అధికారం రేవులోనే ఉండాలి. ప్రతి రేవుకూ స్థానిక మత్స్య సొసైటీ నుంచి ఎంపికైన కొందరికి మత్స్యశాఖ గుర్తింపు కార్డు ఇచ్చి, వేట కాలానికి రోజు కూలీ కట్టి, వలలు తనిఖీ చేసే బాధ్యత అప్పగించాలి. జిల్లా కేంద్రాల్లో ఉండే ఒకరిద్దరు అధికారులు అమరగిరి నుంచి చిన్నంబావి దాకా ఉన్న తీరాన్ని రాత్రింబవళ్లు కాయలేరు. అక్కడే ఉండేవాడు కాయగలడు. అతనికి వెన్నుదన్నుగా రెవెన్యూ, పోలీసు నిలబడాలి, లేకపోతే పెట్టుబడిదారుడి మనుషుల ముందు ఒంటరివాడవుతాడు. ఎండు చేప బస్తాలు ఆకాశంలో ఎగిరిపోవు, కొల్లాపూర్ రోడ్డు మీదే పోతాయి. లారీని ఆపి సరుకు ఎవరిదో రాసుకుంటే వల వెనక ఉన్నవాడి పేరు బయటపడుతుంది. కేసు ఆ పేరు మీద పెట్టాలి. తాడు లాగిన కూలీని నేరస్తుడిగా చూడొద్దు, అతను అప్పులో చిక్కినవాడైతే విడుదల పత్రం ఇప్పించి ఇంటికి పంపాలి.

ఎండాకాలంలో మడుగుల్లో పురుగుమందు పోసి, జిలెటిన్ పేల్చి చేపలు పట్టేవాళ్ల గురించి వేరే చెప్పేదేముంది. ఆ నీళ్లే పశువులు తాగుతాయి, ఆ చేపే మన పిల్లలు తింటారు. అది చూసి కూడా ఊరుకున్న ఊరు తన బావిలో తానే విషం పోసుకున్నట్టు.

ఇటు కొల్లాపూర్, పెంట్లవెల్లి, చిన్నంబావి, అలంపూర్ వైపు, అటు నందికొట్కూరు, ఆత్మకూరు వైపు వింటున్న మత్స్యకార అన్నలకూ తమ్ముళ్లకూ, చేపల గంపతో సంతలకు పోయే అక్కలకూ చెల్లెళ్లకూ నా మనవి ఇది. ఈసారి నీళ్లు తగ్గకముందే మీ సొసైటీ సమావేశం పెట్టుకోండి. మన వలల కన్ను మనమే ముందు కొలుచుకుందాం. అప్పు ఇచ్చి వల దింపమనే వాడికి మీ రేవు ఇవ్వకండి. అర్జీలో వల రాసి ఊరుకోకుండా, ఆ వల ఎవరిదో, సరుకు ఏ బండిలో పోతుందో కూడా రాసి కలెక్టరు గారి ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఎదుటి ఒడ్డు సొసైటీ వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. అధికారులకు నా విన్నపం ఒక్కటే. విరామం ప్రకటించిన రోజునే భృతి కూడా ప్రకటించండి.